శుభ్రమైన బకెట్లకు బోనస్: బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఒక ప్రోత్సాహకం ఎదురు తిరిగిన తీరు

అపార్ట్‌మెంట్ సంఘాలకు చెత్త నిర్వహణలో సలహాలివ్వడం నా వృత్తి. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం, ఇందులో అందరికంటే పెద్ద పొరపాటు నాదే కావడం. సంఘం పెట్టిన జరిమానా పనిచేయకపోతే దాని స్థానంలో నేను బోనస్ పెట్టించాను. జరిమానా చేసిన నష్టం అందరి కళ్లకూ కనబడింది; నా బోనస్ చేసిన నష్టం మాత్రం నాలుగు నెలలపాటు విజయంలా కనబడింది. ఎవరూ గుర్తు పట్టే వీలు లేకుండా వివరాలు తీసేశాను, అంకెలను కొద్దిగా అటూ ఇటూ మార్చాను, జరిగిన వరుసను మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను.

నేపథ్యం

బెంగళూరు తూర్పున, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక, రెండు టవర్లలో సుమారు రెండు వందల ఫ్లాట్లున్న సముదాయం అది. నివాసుల్లో మూడో వంతు తెలుగువాళ్లు. నెల్లూరు, కడప, హైదరాబాద్ నుంచి ఐటీ ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. హౌస్‌కీపింగ్‌లో పదకొండు మంది ఉండేవారు, వారిలో తొమ్మిది మంది ఆడవాళ్లు, ఎక్కువమందిది కదిరి, హిందూపురం, మదనపల్లె వైపు. ఈ నగరపు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎంతమందో బెంగళూరులో ఉంటున్నవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. చెత్త బయట పెట్టే ఇల్లూ దాన్ని కిందికి మోసే మనిషీ చాలా ఫ్లాట్లలో ఒకే భాషవాళ్లు. అయినా వారి మధ్య సమాచారం నడిచేది లిఫ్టులో అంటించిన ఇంగ్లీషు నోటీసు ద్వారానే. ఈ విషయం చివర్లో పనికొచ్చింది, మొదట్లో నాకు తట్టలేదు.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం ఈ నగరానికి ఆదర్శంగా మొదలైన పని కాదు, గత్యంతరం లేక వచ్చి పడింది. 2012లో, నగరం చెత్త పారబోసే మావళ్లిపుర యార్డు మూతపడింది. ఆ తరువాత భారమంతా మోసిన మండూరులో గ్రామస్థులు రోడ్డెక్కారు, 2014 చివరికి అక్కడికీ లారీలు ఆగిపోయాయి. ఊరి బయట పారబోసే చోటు లేకుండా పోయాక వేరు చేసే బాధ్యత ఇంటి గడప మీదికి వచ్చింది. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు రెండు బకెట్లు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసింది: తడి చెత్తకు ఆకుపచ్చ బకెట్, శానిటరీ చెత్తలాంటి రిజెక్ట్‌కు ఎర్ర బకెట్, పొడి చెత్తకు సంచి. మరుసటి ఏడాది వచ్చిన కేంద్ర ఘన వ్యర్థాల నియమాలు రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోట్లను బల్క్ జనరేటర్లుగా, అంటే తమ చెత్త సంగతి తామే చూసుకోవాల్సిన చోట్లుగా విడదీశాయి. మన సముదాయం ఆ కోవలోదే కాబట్టి ఒక ప్రైవేటు ఏజెన్సీతో ఒప్పందం చేసుకుంది.

ఒకే నెలలో రెండుసార్లు ఆ ఏజెన్సీ డ్రైవర్ గేటు దగ్గరే డ్రమ్ముల మూత తీసి చూసి, ఇది తడి చెత్త కాదని బండి ఖాళీగా వెనక్కి తీసుకుపోయాడు. మూడోసారి అయితే కలగలుపు లోడుకు అదనపు రేటు అన్నాడు. సంఘం నన్ను పిలిచింది అప్పుడే. మొదటి వారం బేస్‌మెంట్ గదిలో బకెట్లు లెక్కపెడితే సరిగా వేరు చేసినవి 58 శాతం.

జరిమానా ఎందుకు నిలవలేదు

నేను వెళ్లేసరికే సంఘం ఒక ప్రయత్నం చేసి ఉంది. కలిపి ఇచ్చిన ప్రతి బకెట్‌కు 200 రూపాయలు మెయింటెనెన్స్ బిల్లులో కలుపుతారు. మొదటి నెల బకెట్లు బాగుపడ్డాయి, కానీ ప్రహరీ అవతలి ఖాళీ సైటులో నల్ల కవర్లు మొలిచాయి. తెల్లవారుజామున వాకింగ్‌కు వెళ్తూ గోడ మీదుగా విసిరేసేవారు. పక్క వీధివాళ్లు కూడా అక్కడే వేయడం మొదలుపెట్టాక అది బ్లాక్ స్పాట్ అయి కూర్చుంది.

రెండో సంగతి ఇంకా ఆలోచింపజేసేది. ఒక నివాసి జనరల్ బాడీ మీటింగులో లేచి, నెలకు ఓ వెయ్యి తన బిల్లులో ముందే వేసేయమని, ఆ డబ్బుతో ఏరడానికి ఎవరినైనా పెట్టుకోమని అన్నాడు. ఆయన మాటలో వెటకారం లేదు. అంతకుముందు తప్పు చేశామన్న మొహమాటమైనా ఉండేది. 200 రూపాయలు ఆ మొహమాటాన్ని కొనేసింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది డే కేర్ కేంద్రాలపై చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో అచ్చంగా ఇదే కనబడింది. పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా సుమారు రెట్టింపయ్యాయి, జరిమానా ఎత్తేశాక కూడా పాత స్థాయికి దిగలేదు. ఒకసారి ధర చెప్పిన తరువాత ఆ వస్తువు సరుకే అయిపోతుంది.

మూడోది, రాసేవాళ్ల సంగతి. ఫ్లాట్ నంబరు నమోదు చేయాల్సింది హౌస్‌కీపింగ్ ఆవిడ. పండక్కి చీర పెట్టే ఇంటి నంబరును ఆమె ఎలా రాస్తుంది? కమిటీ సభ్యుడి నంబరును అసలు రాయగలదా? మూడు నెలల రిజిస్టర్ తిరగేస్తే పడిన జరిమానాల్లో చాలావరకు అద్దెకుంటున్నవాళ్లవే. సొంతదారులు అంత శుభ్రమైనవాళ్లు కారని బేస్‌మెంట్ గదిలో నిలబడ్డ ఎవరికైనా తెలుస్తుంది.

నా బోనస్

నా తర్కం ఇలా సాగింది. జరిమానా పద్ధతిలో నంబరు పడకపోతే నివాసికి లాభం, నంబరు రాయకపోతే సేకరించే ఆవిడకు లాభం. నిజం నమోదైతే బాగుపడే మనిషి ఆ గొలుసులో ఒక్కరూ లేరు. అందుకని శుభ్రమైన బకెట్ వల్ల సేకరించే మనిషికి మేలు జరిగేలా చేద్దాం, అప్పుడు ఆమె ఇంటివాళ్లతో మాట్లాడుతుంది, గుర్తు చేస్తుంది, తలుపు దగ్గరే వెనక్కి ఇస్తుంది అనుకున్నాను. ఒకరి మీద ఒకరికి గొడవలు రాకుండా బోనస్‌ను జట్టు మొత్తానికి పెట్టాం. రోజూ పది గంటలకు సూపర్‌వైజర్ బేస్‌మెంట్‌లో నలభై బకెట్లు చూస్తాడు. నెల సగటు 70 శాతం దాటితే ఒక్కొక్కరికి 500 రూపాయలు, 80 దాటితే 900, 90 దాటితే 1,200.

రెండో వారానికి 71, ఆరో వారానికి 94. డ్రైవర్ నవ్వుతూ లోడు ఎక్కించుకుపోయాడు. ఆ గ్రాఫును నేను ఇంకో సముదాయానికి తీసుకెళ్లి చూపించాను కూడా. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నాకు అందిన సంకేతాలు మూడున్నాయి. తొమ్మిదికల్లా ముగిసే సేకరణ పదింబావు దాకా సాగుతోంది. గ్లోవ్స్ ఇండెంట్ రెట్టింపయింది. వృథా చేస్తున్నారని ఫెసిలిటీ మేనేజర్ కోత పెట్టాడు, ఆ మెయిల్ కాపీ నాకు వచ్చింది, చదివి పక్కన పెట్టాను. మూడోది అన్నిటికంటే స్పష్టమైనది. ఇళ్లలో నిజంగా వేరు చేయడం పెరిగితే ఇంతకాలం తడి చెత్తలో దాగిన డైపర్లు, ప్యాడ్లు పాత పేపర్లో చుట్టి, శానిటరీ చెత్త అని తెలిసేలా ఎర్ర చుక్క పెట్టిన పొట్లాలుగా బయటికి రావాలి. పొట్లాల సంఖ్య కదలలేదు, రిజెక్ట్ మాత్రం చుట్టకుండా, విడివిడిగా వస్తోంది. ఈ లెక్క నా కాగితాల్లోనే ఉంది. 94 అన్న అంకె అంత బాగుండడంతో దాని పక్క నిలువు వరుస చూడాలనిపించలేదు.

ఏడో అంతస్తు మెట్లు

ఐదో నెల మొదట్లో ఒక ఉదయం లిఫ్టు పనిచేయక సర్వీసు మెట్లెక్కాను. ఆరు, ఏడు అంతస్తుల మధ్య మలుపులో బకెట్ బోర్లించి దాని మీద ఒకావిడ కూర్చుని ఉంది. ముందర పరిచిన పేపర్ మీద ఒక ఇంటి చెత్త అంతా పోసి ఉంది. సాంబారులో తడిసిన అన్నంలోంచి పాల ప్యాకెట్లు తీసి పక్క సంచిలో వేస్తోంది, పగిలిన గ్లాసు ముక్కలను కాలి వేలి దగ్గర కుప్ప పెట్టుకుంది. కుడిచేతికి గ్లోవ్ లేదు. బొటనవేలికి బ్యాండేజీ ఉంది.

"ఇదేం పని అక్కా?" అన్నాను.

"బకెట్టు సుద్దంగా ఉంటే దుడ్లిస్తామని మీరే అంటిరి కదా మేడం. సుద్దం చేసిస్తా ఉండాం."

"ఇంటివాళ్లకు చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఇంటారా? ఒకింటికి చెప్పేలోగా నాలుగు బకెట్లు ఏరేస్తాం."

ఆమె చెప్పినంత సూటిగా ఈ కేసును నేను ఏ రిపోర్టులోనూ రాయలేకపోయాను. మేము కొన్నది శుభ్రమైన బకెట్, కావాలనుకున్నది ఇళ్ల అలవాటు. బకెట్‌ను శుభ్రం చేయడానికి రెండు దారులున్నాయి: ఒకటి తన మాట వినని యజమానిని మార్చడం, ఇంకొకటి తన చేతులతో ఏరడం. అందులో తన చేతిలో ఉన్నదాన్ని ఆమె ఎంచుకుంది. ఆ పరిస్థితిలో నేనైనా అదే చేస్తాను.

బొటనవేలికి గుచ్చుకున్నది ఇన్సులిన్ సూది. పాల కవరులో చుట్టి తడి చెత్తలో వేశారట. వారం కిందటి మాట, ఎవరికీ చెప్పలేదు. చెబితే మెట్ల మీద ఏరుతున్న సంగతి బయటపడుతుందని, బోనస్ పోతుందని భయం. ఆ రోజే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లి పరీక్షలు చేయించాం, ఖర్చు సంఘం పెట్టుకుంది. ఆమెకేమీ కాలేదు. సూదులు వాడే ఇళ్లన్నిటికీ మూత బిగించే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇవ్వాలన్న నిర్ణయం సాయంత్రానికల్లా అయిపోయింది. ఇంత చిన్న పనికి ఒక వేలు గాయపడాల్సి వచ్చింది.

తరువాతి వారం ఒక రిటైర్డ్ నివాసిని తోడు తీసుకుని, ఉదయం ఆరున్నరకు, సేకరణ మొదలుకాకముందే, మూడు రోజుల్లో అరవై ఫ్లాట్ల తలుపుల ముందు బకెట్లు తెరిచి చూశాను. సరిగా వేరు చేసినవి 41 శాతం. బోనస్‌కు ముందు ఎవరూ మెట్ల మీద ఏరేవారు కాదు కాబట్టి అప్పటి 58 శాతాన్ని దీనితో పోల్చవచ్చు. అంటే బోనస్ ఇళ్లను ఉన్నచోట ఉంచలేదు, వెనక్కి నెట్టింది. అంతకుముందు సణుగుతూనైనా "అమ్మా, కలిపేశారు" అనే మనిషి ఇప్పుడు ఏమీ అనకుండా తీసుకుపోతోంది. కలిపినా ఫరవాలేదన్న పాఠం ఇళ్లవాళ్లు త్వరగానే నేర్చుకున్నారు.

కొలత ఒకటి, కావలసింది ఇంకొకటి అయినప్పుడు జరిగేది చెత్త రంగంలో కొత్తేమీ కాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు షార్లట్స్‌విల్‌లో 1992లో ఒక్కో చెత్త సంచికి 80 సెంట్లు రుసుము పెట్టారు. అక్కడి ఇళ్ల చెత్తను తూచిన ఆర్థికవేత్తలకు సంచుల పరిమాణం 37 శాతం తగ్గినట్టు, బరువు మాత్రం 14 శాతమే తగ్గినట్టు తేలింది. జనం చెత్త తగ్గించడం కంటే సంచిని తొక్కి కూరడం ఎక్కువ నేర్చుకున్నారన్నమాట. ఆ తగ్గిన బరువులోనూ కొంత దొంగతనంగా ఇంకెక్కడో పారబోసిందే కావచ్చని వాళ్లే అంచనా వేశారు. ఈ అధ్యయనం నాకు ముందే తెలుసు. మా ప్రహరీ అవతలి సైటును అర్థం చేసుకోవడానికి దాన్ని వాడుకున్నాను, నా బోనస్‌కు అన్వయించుకోలేదు.

ఏం మార్చాం, ఎందుకు

మొదటి నిర్ణయం బోనస్ గురించి. వెంటనే ఆపేయాలన్నది కమిటీలో ఎక్కువమంది మాట. మోసం అన్న పదం కూడా వినబడింది. నేను ఒప్పుకోలేదు. నాలుగు నెలలుగా నెలకు 1,200 దాకా వస్తున్న ఇళ్లు అవి; ఒకావిడ ఆ డబ్బును నమ్ముకుని చీటీ కట్టడం మొదలుపెట్టింది. మేము అడిగింది అడిగినట్టు చేసినందుకు వాళ్ల డబ్బు కోస్తే రేపు ఏ సమస్య వచ్చినా మాకు చెప్పేవాళ్లుండరు. అందుకే ఆ మొత్తాన్ని స్థిర జీతంలో కలిపేయమన్నాను. ఫలితంతో సంబంధం లేకుండా డబ్బెందుకివ్వాలని ట్రెజరర్ గట్టిగా వాదించాడు, అది తీసిపారేయదగ్గ వాదన కాదు. లోడు వెనక్కి పోయిన ప్రతిసారీ సంఘానికి అయిన ఖర్చు, సూది ఘటన ఇంకొకటి జరిగితే కాగల ఖర్చు పక్కపక్కన పెట్టి చూపించాక ఒక్క ఓటు తేడాతో నెగ్గింది.

ఆ మధ్యలో ఇంకో తప్పటడుగు కూడా పడింది. కలిపి ఇచ్చే ఫ్లాట్ల నంబర్లు నోటీసు బోర్డు మీద పెడదామని ఒకరన్నారు, నేను గట్టిగా అడ్డు చెప్పలేదు. వాట్సాప్ గ్రూపులో సొంతదారులకూ అద్దెవాళ్లకూ యుద్ధం మొదలై తొమ్మిదో రోజున బోర్డు ఖాళీ చేశారు.

చివరికి నిలిచిన పద్ధతిలో డబ్బు ఎక్కడా లేదు. కలిపిన బకెట్‌ను తీసుకోరు. దాని మీద ఒక స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేస్తారు. ఆ ఇంటివాళ్లు స్వయంగా బేస్‌మెంట్‌కు తెచ్చి అక్కడున్న బల్ల మీద వేరు చేసి వేయాలి. 200 రూపాయలు కట్టి తప్పించుకోగలిగిన మనిషి కూడా లిఫ్టులో పొరుగువాళ్ల పక్కన కంపుకొట్టే బకెట్ పట్టుకుని నిలబడడాన్ని తప్పించుకోలేడు. అయితే ఇది జరిమానా కంటే కఠినం, కాబట్టి గోడ మీదుగా విసిరే ప్రమాదమూ ఎక్కువే. జరిమానా రోజుల్లో తప్పును ఒప్పుకోవడం కంటే గోడ సులువుగా ఉండేది. అందుకని బేస్‌మెంట్ గదిని రాత్రి పది దాకా తెరిచి ఉంచాం, అక్కడికి తెచ్చినవాళ్లను ఎవరూ ప్రశ్నించకూడదని, నంబరు అడగకూడదని పెట్టుకున్నాం. సైటు వైపు ప్రహరీ మీద ఒక లైటు వేశాం. న్యాయమైన దారి గోడ కంటే కాస్తయినా తేలికగా ఉండాలన్నదే ఆలోచన.

స్టిక్కర్ అంటించే బాధ్యత మోసే ఆవిడ మీద పెడితే పాత కథే తిరిగొస్తుంది. అందుకే తలుపుల ముందు తనిఖీని నివాసులకే అప్పగించాం: ప్రతివారం చీట్లు తీసి ఇరవై ఫ్లాట్లు, రెండు టవర్ల వాళ్లు ఒకరి టవర్‌ను ఒకరు చూస్తారు. మిగతా ఇళ్లలో కలిపినట్టు కళ్లకు కనబడితే హౌస్‌కీపింగ్‌వాళ్లు బకెట్ వదిలేస్తారు, ఏదీ రాయరు. తనిఖీలో వచ్చిన శాతానికి ఎవరి జీతమూ, ఎవరి కాంట్రాక్టూ ముడిపడి ఉండదు. దాని పక్కనే రిజెక్ట్ బరువు, సేకరణ ముగిసిన సమయం, గ్లోవ్స్ వాడకం కూడా రాస్తున్నాం. ఒక అంకెను మోసం చేస్తే ఇంకొకటి దాన్ని పట్టివ్వాలి.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది మాత్రం నా పథకంలో లేని సంగతి. స్టిక్కర్లు పడుతున్న ఇళ్లకు వెళ్లి అడిగితే, చాలాచోట్ల చెత్తను ముట్టుకునేది యజమాని కాదు, వంటమనిషో పనిమనిషో. లిఫ్టులోని ఇంగ్లీషు నోటీసు వాళ్లలో ఒక్కరూ చదవలేదు. నోటీసును తెలుగు, కన్నడ, తమిళం, బెంగాలీలలోకి మార్చే పని నేను పెట్టుకుంటే, ఏడో అంతస్తు మెట్ల మీది ఆవిడ అడ్డుపడింది. "రాసింది ఎవరు సదువుతారు మేడం, మేమే పోయి చూపిస్తాం" అంది. రెండు వారాలు, రోజుకు గంటన్నర, ఇద్దరేసి ఆడవాళ్లు పనిమనుషులను వంటింటి సింకు దగ్గర నిలబెట్టి, ఏది ఎందులో వేయాలో వాళ్ల చేతనే వేయించారు. ఈ పనికి గంటల లెక్కన ఇచ్చాం, ఎన్ని ఇళ్లు మారాయన్న లెక్కన ఇవ్వలేదు. ఒకసారి చేతులు కాలాయి కాబట్టి ఈ విషయంలో ట్రెజరర్ కూడా మాట్లాడలేదు.

ఫలితాలు, మిగిలిపోయినవి

మొదటి నెల తనిఖీ శాతం 52కు వచ్చింది, ఐదో నెలకు 79. రిజెక్ట్ బరువు మొదటి రెండు నెలల్లో పెరిగింది. ట్రెజరర్ కంగారుపడ్డాడు, నేను ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే దాగి ఉన్నది బయటికి వస్తే పెరగాల్సిందే. సేకరణ మళ్లీ తొమ్మిదింబావుకు ముగుస్తోంది. సైటులోని బ్లాక్ స్పాట్ చిన్నదైంది కానీ పోలేదు. పక్క వీధులకు మేమే అలవాటు చేసిన చోటు అది. ఎనిమిది ఫ్లాట్లలో ఏదీ పనిచేయలేదు. వాటిలో ఎక్కువ నెలకోసారి మనుషులు మారే షేరింగ్ ఫ్లాట్లు. ఒకటి మాత్రం మొదట్నుంచీ అక్కడే ఉంటున్న ఒక సొంతదారుడిది.

79 శాతంలో ఎంత బేస్‌మెంట్ బల్ల వల్ల వచ్చిందో, ఎంత ఆ రెండు వారాల పాఠం వల్ల వచ్చిందో నేను విడదీసి చెప్పలేను, రెండూ దాదాపు ఒకేసారి మొదలుపెట్టాం. నా అనుమానం రెండోదాని వైపే మొగ్గుతుంది. మళ్లీ చేస్తే ఒక టవర్‌లో బల్లను, రెండో టవర్‌లో పాఠాన్ని ముందు పెడతాను. బోనస్ పెట్టాల్సి వస్తే మాత్రం దాన్ని సంపాదించుకోవాల్సిన మనిషితో మొదటి రోజే కూర్చుని, ఈ డబ్బు తొందరగా రావాలంటే నువ్వేం చేస్తావని అడుగుతాను. ఏడో అంతస్తు మెట్ల మీది ఆవిడ నాకు రెండు నిమిషాల్లో చెప్పేసి ఉండేది.

కిందటి నెల కొత్త కమిటీ ఏర్పడి నాకు ఫోన్ చేసింది. రెండు టవర్ల మధ్య పోటీ పెడతారట, నెలనెలా గెలిచిన టవర్ మెయింటెనెన్స్‌లో కొంత తగ్గిస్తారట. నివాసుల తనిఖీకి మనుషులు దొరకడం లేదు కాబట్టి దాన్ని తీసేస్తున్నామని కూడా చెప్పారు. మరి బకెట్లు ఎవరు లెక్కపెడతారని అడిగాను.

"ఇంకెవరండీ, హౌస్‌కీపింగ్‌వాళ్లే" అన్నాడు కార్యదర్శి.